పందిరి వేసిన చేతులు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అమలాపురంలో జరిగిన యువజన సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఏజెన్సీ నుంచి ఇక్కడి కాలేజీల్లో చదువుకోడానికి వచ్చిన పిల్లలూ ఉన్నారు. ఈ కోనసీమలోనే పుట్టి పెరిగిన మన ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలూ ఉన్నారు.

ఇది ఆగస్టు నెల. గోదావరికి ఎర్రనీరు దిగింది. మన లంకల్లో ఈ రోజుల్లో ఎవరు ఎవరికి ఎదురుపడ్డా ముందు అడిగే మాట ఒక్కటే. "భద్రాచలం దగ్గర ఎంతుందంట?" అక్కడ 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 దాటితే మూడోది. అప్పటికి మనవాళ్ళు పశువుల్ని గట్టు మీదికి తోలేస్తారు, బియ్యం మూటల్ని అటకెక్కిస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75 అడుగులు దాటింది. ఆ ఏడు సంగతి మీ తాతమ్మల్ని అడిగితే గంటసేపు చెబుతారు. 2022 జూలైలో 71 దాటింది. అది మీలో చాలామంది కళ్ళారా చూసిందే.

అంటే భద్రాచలం మనకు దేవుడి ఊరు మాత్రమే కాదు. ఏటా మన గుండె కొట్టుకునే వేగం చెప్పే ఊరు. అంతగా మన నోట్లో నానుతున్న ఆ ఊరు ఎలా మొదలైంది? అక్కడ మొట్టమొదట నీడ వేసింది ఎవరు?

పోయిన ఏడాది మన పిల్లల్ని కొంతమందిని కూర్చోబెట్టి ఇదే అడిగాం. "భద్రాచలం గుడి ఎవరు కట్టించారు?" అంటే అందరూ ఒక్క గొంతుతో "రామదాసు" అన్నారు. సంతోషం. "మరి రామదాసు కంటే ముందు అక్కడ ఏముండేది?" అన్నాం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి లేచి, "ఏమీ లేదేమోనండీ, దేవుడే వెలిశాడు కదా" అంది. ఆ పిల్లది తప్పు కాదు. మేమెవరం చెప్పలేదు కాబట్టి ఆమెకు తెలియలేదు. అందుకే ఈ రోజు ఆ కథతోనే మొదలుపెడుతున్నాం.

రామదాసు కంటే ముందు అక్కడ ఒక పందిరి ఉండేది. దాన్ని వేసినావిడ పేరు పోకల దమ్మక్క. భద్రారెడ్డిపాలెం అనే పల్లెలో ఉండే గిరిజన స్త్రీ.

స్థలపురాణం ఇలా చెబుతుంది. దమ్మక్క రామభక్తురాలు. ఒక రాత్రి రాముడు కలలో కనిపించి, నేను ఫలానా కొండ మీద పుట్టలో ఉన్నాను, నన్ను బయటికి తీయమన్నాడట. తెల్లారి ఆమె వెళ్ళి చూస్తే పుట్ట కనిపించింది. దాన్ని గునపంతో పొడవలేదు. గోదావరి నుంచి కుండలతో నీళ్ళు మోసుకొచ్చి పుట్ట మీద పోసింది. మట్టి కరిగి జారిపోయాక లోపల విగ్రహాలు బయటపడ్డాయి. ఇంకో కథ కూడా వాడుకలో ఉంది. ఆమె పెంచుకున్న పిల్లవాడు రాముడు అడవిలోకి వెళ్ళి తిరిగి రాలేదు. పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతుంటే, ఒక గుహలోంచి "అమ్మా, ఇక్కడున్నాను" అని గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే సీతారామలక్ష్మణుల విగ్రహాలు ఉన్నాయి. ఏ కథ చెప్పుకున్నా ఆ తరవాత జరిగింది ఒక్కటే. ఆమె ఊళ్ళోవాళ్ళ సాయంతో అక్కడ ఒక పందిరి వేసింది. తనకు దొరికే తాటిపండు తెచ్చి నైవేద్యం పెట్టింది. రోజూ వెళ్ళి పూజ చేసుకుంది.

అదీ తొలి గుడి. గోపురం లేదు, ప్రాకారం లేదు, శాసనం లేదు. నాలుగు గుంజలు, పైన ఆకుల కప్పు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పందిరి అంటే ఏమిటో మనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గుంజలు పాతడం, వాసాలు కట్టడం, ఆకు పేర్చడం మన ఇళ్ళల్లో పుట్టుకతో వచ్చిన పని. పూట తిరిగేసరికి లేపెయ్యగలం. కానీ పందిరికి ఒక కష్టం ఉంది. రాతి గుడిని వందేళ్ళు వదిలేసినా నిలబడే ఉంటుంది. పందిరి అలా కాదు. ఒక వానాకాలానికి ఆకు కుళ్ళుతుంది, గుంజకు చెద పడుతుంది. ఏటా ఎవరో ఒకరు వచ్చి కప్పు మార్చాలి. ఒక్క రెండేళ్ళు ఎవరూ రాకపోతే, అక్కడ పందిరి ఉండేదన్న సంగతి కూడా మిగలదు.

మరి గోపన్న వచ్చేనాటికి ఆ కొండ మీద పూజ సాగుతూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు అంటే ఏమిటర్థం? మధ్యలో ఎన్ని వానాకాలాలు గడిచాయో, అన్నిసార్లు ఎవరో కప్పు మార్చారు. దమ్మక్క పేరైనా కథలో మిగిలింది. ఆమె తరవాత ఆకు మోసినవాళ్ళ పేర్లు ఒక్కటి కూడా మిగలలేదు. కానీ ఆ పేరులేని చేతులు లేకపోతే, గోపన్నకు చూడ్డానికి అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఆ తరవాతి కథ మీకు తెలిసిందే. 17వ శతాబ్దం. గోల్కొండను తానీషా ఏలుతున్న రోజులు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. కొండ మీది దేవుణ్ణి చూశాడు, రాతి గుడి కట్టించాలనుకున్నాడు. వసూలైన శిస్తు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడు. గోల్కొండ చెరసాలలో సుమారు 12 ఏళ్ళు మగ్గాడు. అక్కడ పాడుకున్న కీర్తనలతో తెలుగువాళ్ళందరికీ రామదాసు అయ్యాడు. మేము ఆయన్ని తక్కువ చెయ్యడం లేదు. అన్నేళ్ళు చీకటి కొట్లో గడిపిన మనిషిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. మేమడిగేది ఒక్కటే. రాయి మోయించినాయన్ని తలుచుకునేటప్పుడు, ఆకు మోసినావిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టి తలుచుకోవాలి.

ఇక ఊరి పేరు సంగతి. భద్రాచలం అంటే భద్రుడి కొండ. మేరువు కొడుకు భద్రుడు రాముడి కోసం తపస్సు చేసి, ఆయన పాదాల కింద కొండగా నిలిచాడని పురాణం. కాబట్టి పేరు భద్రుడిదే, దమ్మక్కది కాదు. నిజాన్ని నిజంగానే చెప్పుకోవాలి. కానీ ఇది కూడా ఆలోచించండి. గోదావరి ఒడ్డున కొండలు ఎన్ని లేవు? పాపికొండల నుంచి పైకి వెళితే ఒకదాని వెనక ఒకటి కొండలే. వాటిలో ప్రతిదానికీ అక్కడి జనం పెట్టుకున్న పేరు ఉంది. ఆ పేర్లు పక్క ఊరు దాటవు. ఈ ఒక్క కొండ పేరే ఊరి పేరై, తాలూకా పేరై, ఏటా శ్రీరామనవమికి దేశం నోట పలికే పేరైంది. ఎందుకని? ఆ కొండ మీద ఎవరో ఒక నీడ వేశారు కాబట్టి. నీడ ఉన్నచోటికి మనుషులు వచ్చారు. మనుషులు వచ్చినచోట ఊరు లేచింది. ఊరికి పేరు కావలసి వచ్చింది. కొండకు పేరు పురాణం ఇచ్చింది. ఆ పేరును ఊరికి అందించింది పందిరి.

కోనసీమలో కూర్చుని భద్రాచలం గురించి ఇంతసేపు ఎందుకని మీకు అనిపించవచ్చు. 1959 వరకు భద్రాచలం తాలూకా మన తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. ఆ ఏడే ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చుట్టూ ఉన్న మండలాలు ఇటు వచ్చాయి, ఊరు అటు ఉండిపోయింది. గీతలు మారినా రాకపోకలు ఆగలేదు. ఈనాటికీ కోరుకొండ వైపు పల్లెల్లో గోటితో ధాన్యం ఒలిచి సీతారాముల కల్యాణానికి తలంబ్రాలు తీసుకెళ్తారు. భద్రాచలంలో కూడా దమ్మక్క పేరిట సేవాయాత్ర జరుపుతున్నారు, గిరిజనులు కొండల నుంచి దిగి వస్తున్నారు. అది మంచి మార్పు. దాన్ని ఇంకా పెద్దది చెయ్యాల్సింది మనమే.

చిన్న గుడి పెద్ద ఊరికి పేరు పెట్టిన కథలు ఇంకా ఉన్నాయి. రెండు చెబుతాం. రెండింట్లోనూ మనలాంటివాళ్ళే ఉన్నారు.

మన రాజోలు, అమలాపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి బొంబాయి మీదుగానే విమానం ఎక్కారు. ఆ బొంబాయి ఇప్పుడు ముంబై. 1995లో ఆ పేరు అధికారికంగా తెచ్చుకుంది. ముంబై అన్న మాట ముంబాదేవి నుంచి వచ్చింది. ముంబాదేవి ఎవరి దేవత? కోలీల దేవత. ఆ దీవుల్లో మొదటి నుంచీ చేపలు పట్టుకు బతికినవాళ్ళు వాళ్ళు. దేవత పాత గుడి ఇప్పుడున్న చోట ఉండేది కాదు. 18వ శతాబ్దంలో అక్కడి నుంచి తరలించారు. గుడి కదిలింది, దీవులు కలిసిపోయాయి, సముద్రాన్ని పూడ్చి రోడ్లు వేశారు. కానీ పేరు మాత్రం ఆ చేపలవాళ్ళ అమ్మవారిదే. అంత పెద్ద నగరంలో ఇప్పుడు కోలీవాడలు మేడల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. పేరు వాళ్ళది, నేల మాత్రం చేజారిపోతోంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

రెండోది అమెరికా కథ. అక్కడ మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. మన తెలుగు పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళే చోట్లలో అదొకటి. దాని రాజధాని సెయింట్ పాల్. మిసిసిపీ నది ఒడ్డున ఉంటుంది. 1841కి ముందు అక్కడ నగరం లేదు, ఆ పేరూ లేదు. నది ఒడ్డున ఒక సైనిక కోట ఉండేది. కోట భూముల్లో గుడిసెలు వేసుకున్న బీదవాళ్ళను సైన్యం వెళ్ళగొడితే వాళ్ళు కొంచెం దిగువకు జరిగారు. ఎక్కువమంది ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు. అక్కడ సారా అమ్మే ఒంటికన్ను మనిషి ఒకడుండేవాడు. అతని మారుపేరు పందికన్ను. ఆ రేవుకు కూడా అదే పేరు పడిపోయింది. ఎగతాళి పేరే ఊరి పేరైందన్నమాట.

1840లో లూసియన్ గాల్టియర్ అనే ఫ్రెంచి పాదిరి ఆ ప్రాంతానికి వచ్చాడు. మరుసటి ఏడాది ఇద్దరు రైతులు, బెంజమిన్ గెర్వే, విటాల్ గెరాన్ అనేవాళ్ళు, తమ చెక్కల్లోంచి కొంత నేల ఇచ్చారు. అక్కడ దుంగలు పేర్చి చిన్న ప్రార్థనా మందిరం కట్టారు. పొడవు సుమారు 25 అడుగులు, వెడల్పు 18 అడుగులు. మన వీధి అరుగుల ఇల్లు దానికంటే పెద్దది. అది ఎంత బీద కట్టడమంటే, దాన్ని చూస్తే ఏసు పుట్టిన పశువుల పాక గుర్తొచ్చిందని ఆ పాదిరే తరవాత రాసుకున్నాడు. 1841 నవంబరు 1న దానికి సెయింట్ పాల్ పేరు పెట్టి ప్రతిష్ఠ చేశాడు. నదికి ఆవలి ఒడ్డున అప్పటికే సెయింట్ పీటర్ పేరుతో ఒక చోటు ఉంది. పీటరు పక్కన పాలు ఉండాలనుకున్నాడు. ఊరిని కూడా ఇక అదే పేరుతో పిలవమని జనానికి చెప్పాడు. పందికన్ను పోయి సెయింట్ పాల్ అయింది. 1849లో ఆ ప్రాంతానికి అదే రాజధాని. 1851లో సన్యాసినులు వచ్చి ఆ దుంగల గదిలోనే బడి పెట్టారు.

మరి ఆ దుంగల మందిరం ఏమైంది? పెద్ద చర్చి కట్టుకున్నాక దాన్ని విప్పారు. మళ్ళీ ఇంకో చోట నిలబెడదామని ఒక్కో దుంగకూ గుర్తు వేసి జాగ్రత్తగా తరలించారు. కానీ అవి ఏమిటో తెలియని పనివాళ్ళు, చలికి కాచుకోడానికీ కాఫీ కాచుకోడానికీ వాటినే పొయ్యిలో పెట్టేశారు. ఒక నగరానికి పేరు పెట్టిన గుడి అలా వంటచెరకైపోయింది. వాళ్ళనూ తిట్టలేం. ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళకు తెలియదు. మన అమ్మాయి "ఏమీ లేదేమోనండీ" అన్నట్టే.

ఈ కథకు ఇంకో వైపుంది. సాధారణంగా చెప్పని వైపు. పాదిరి రాకముందు, పందికన్ను రాకముందు ఆ చోటు ఖాళీగా లేదు. అది డకోటా ఆదివాసుల నేల. అక్కడి తెల్లని గట్టుల్ని చూసి వాళ్ళు దాన్ని ఇమ్నిజా స్కా అన్నారు. తెల్లరాయి అని అర్థం. 1837 ఒప్పందంతో నదికి తూర్పు నేల వాళ్ళ చేతి నుంచి పోయింది. 1851 ఒప్పందాలతో పడమటి నేలలో చాలా భాగం పోయింది. ఇస్తామన్న సొమ్ము సమయానికి అందక, ఆకలితో 1862లో తిరగబడ్డారు. ఆ డిసెంబరు 26న 38 మంది డకోటాలను ఒకే రోజు ఉరితీశారు. మిగిలినవాళ్ళను ఆ రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. దుంగల గుడి బీదవాళ్ళ గుడే. కట్టిన రైతులు వెళ్ళగొట్టబడ్డవాళ్ళే. అయినా ఆ గుడి పేరు కింద అంతకంటే పాత పేరొకటి పూడిపోయింది. రెండూ నిజమే. చరిత్ర చదివేటప్పుడు ఈ రెండు నిజాలనూ ఒకేసారి పట్టుకోవడం నేర్చుకోవాలి.

అయితే పూడిన పేరు పైకి రావడం కూడా ఉంది. సెయింట్ పాల్ పక్కనే జంట నగరం మినియాపోలిస్. అక్కడ ఒక పెద్ద చెరువు ఉంది. బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ అనే నాయకుడి పేరు దానికి పెట్టారు. డకోటాలు, వాళ్ళతో కలిసి వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు, అర్జీలు పెట్టారు, సభలకు వెళ్ళి మాట్లాడారు. 2018లో ఆ చెరువుకు పాత డకోటా పేరు బిడె మకా స్కా తిరిగి ఇచ్చారు. దాని మీద కోర్టుకు వెళితే 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ పేరునే నిలబెట్టింది. ఒక్క రాయి విసరలేదు. ముసలివాళ్ళు పేరు మరిచిపోలేదు, పిల్లలు అడగడం మానలేదు. అంతే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన సఖినేటిపల్లి మండలం అంతర్వేది. స్థలపురాణం ప్రకారం అక్కడ కేశవదాసు అనే పశువుల కాపరి ఉండేవాడు. అతని ఆవు అడవిలో ఒక పుట్ట మీద పాలు వదిలి వచ్చేదట. దాన్ని బట్టి అక్కడ నరసింహస్వామి ఉన్నాడని తెలుసుకుని కేశవదాసు తొలి గుడి వేశాడు. ఆ తరవాత చాలా కాలానికి, ఓడలున్న బెస్త పెద్ద కొపనాతి కృష్ణమ్మ ఇప్పుడున్న గుడి కట్టించాడు. 1823లో అది పూర్తయింది. గుడి ఎదుట ఆయన విగ్రహం ఉంది. మరి కేశవదాసు? ఆయన పేరు ఒక ఊరికే ఉంది. కేశవదాసుపాలెం. ఆ ఊరి బస్సెక్కిన ప్రతివాడూ, తెలిసినా తెలియకపోయినా, ఆ పశువుల కాపరి పేరు చెప్పి టికెట్టు కొంటాడు. చూశారా, గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఊరు ఎలా గుర్తుపెట్టుకుంటుందో. కాపరి పేరూ ఉంది, బెస్త పెద్ద పేరూ ఉంది. ఒకరి పేరు పెట్టడానికి ఇంకొకరి పేరు చెరపక్కర్లేదు.

మరి మన పేర్లు ఎక్కడున్నాయి? ఇదీ ఈ రోజు మేము నిజంగా మాట్లాడదామని వచ్చిన సంగతి.

పోలవరం కింద ఖాళీ అవుతున్న కొండ ఊళ్ళ పిల్లలు ఈ సభలో ఉన్నారు. గొందూరు దగ్గర గండి పోచమ్మ గుడి వరదొస్తే నీళ్ళలో నిలబడుతోంది, మీరు చూస్తూనే ఉన్నారు. పరిహారం గురించి, భూమికి భూమి గురించి పోరాడుతున్నవాళ్ళున్నారు, వాళ్ళకు మన అండ ఉంది. కానీ ఏ లెక్కలోనూ రాయని నష్టం ఒకటుంది. కొత్త కాలనీలో ఇంటికి నెంబరు ఉంటుంది. పాత ఊళ్ళో చెట్టుకు పేరుండేది, వాగుకు పేరుండేది, మెట్టకు పేరుండేది. భూమిదేవి పండగ ఏ చెట్టు కింద చెయ్యాలో, ఆ చెట్టు కింద మొదటి రాయి ఎవరు పెట్టారో ఎవరో ఒక ముసలాయనకు తెలుసు. ఆయన పోతే అది మునిగిపోవడానికి గోదావరి కూడా అక్కర్లేదు. కోలీల గురించి చెప్పామే, వాళ్ళకు నేల జారిపోతున్నా పేరు మిగిలింది. మనకు నేలతో పాటు పేరు కూడా పోయే ప్రమాదం ఉంది.

ఇక కోనసీమలో పుట్టిన మన పిల్లల సంగతి. కొండల్లో ఉంటేనే గిరిజనులనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. "మీరు ఇక్కడి వాళ్ళేనా?" అని కాలేజీలో అడిగితే తల దించుకునేవాళ్ళు మనలో ఉన్నారని మాకు తెలుసు. తల దించుకోవద్దు. ఈ డెల్టాలో కాలవలు తవ్వినా, గట్లు వేసినా, గుడి కట్టినా, చర్చి కట్టినా మట్టి మోయడానికి తట్టలు కావాలి. ఆ తట్టలు ఆకాశం నుంచి పడలేదు, ఎవరో అల్లారు. బుట్ట అల్లే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఆ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇన్ని మాటలు చెబుతున్న మేము చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఈ సంచిక కోసం మన సంఘం పాత మినిట్స్ పుస్తకం తీశాం. మొదటి సమావేశం పేజీలో తేదీ ఉంది, అధ్యక్షుడి పేరు, కార్యదర్శి పేరు, ముఖ్య అతిథుల పేర్లు హోదాలతో సహా ఉన్నాయి. చివర్లో ఒక వాక్యం ఉంది. "సభ తాటాకు పందిరి కింద జరిగినది" అని. ఆ పందిరి ఒక తల్లి ఇంటి ముందు వేసింది. మాకు అప్పుడు చోటిచ్చినవాళ్ళు వేరే ఎవరూ లేరు. ఆమె వాకిలి ఊడ్చి, చాపలు పరిచి, ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ గంజి పోసింది. ఆమె పేరు పుస్తకంలో లేదు. గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాం. ఒకాయనకు ఆమె పెద్ద కొడుకు పేరు గుర్తుంది, ఇంకొకాయనకు ఇంటిపేరు గుర్తుంది. ఆమె పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు. అందరం ఆమెను "పిన్ని" అనే పిలిచాం. ఆ కుటుంబం తరవాత ఊరు వదిలి వెళ్ళిపోయింది.

దమ్మక్కను లోకం మరిచిపోయిందని బాధపడే మేము, మా సొంత దమ్మక్కను పాతికేళ్ళు తిరక్కుండానే మరిచిపోయాం. ఆ పేజీ చూసినప్పుడు ఎవరమూ మాట్లాడలేకపోయాం. ఆమె కొడుకు ఆచూకీ కోసం వెతుకుతున్నాం. దొరికిన రోజున ఆ పేజీలో ఖాళీ చోటులో ఆమె పేరు రాసి, కింద మేమందరం సంతకాలు పెడతాం.

కాబట్టి మీకు చెప్పే పని మాకు మేము కూడా చెప్పుకుంటున్నదే. మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతనో, మామ్మనో కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. మన ఊరికి ఈ పేరు ఎలా వచ్చింది? మన గుడో, చర్చో, గద్దెనో, ఏది ఉంటే అది, మొదట ఎవరు వేశారు? ఆ రోజు వాళ్ళతో ఎవరెవరు ఉన్నారు? మీ సొంత భాషలో చెబితే ఆ భాషలోనే రికార్డు చెయ్యండి. కోయలో చెప్పిన పేరు కోయలోనే ఉండాలి, ఎరుకలలో చెప్పిన మాట ఎరుకలలోనే ఉండాలి. తరవాత తెలుగు లిపిలో రాసుకోండి. ఊరు పక్కన చెట్టు, వాగు, మెట్ట, రేవు, ఏ పేరూ చిన్నది కాదు.

ఒక్క జాగ్రత్త. విన్నది విన్నట్టు రాయండి. కథ అయితే కథ అని, చూసింది అయితే చూశామని రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. దమ్మక్క కథ రెండు రకాలుగా ఉందని మేము చెప్పలేదా, అలాగే. మన గొప్ప కోసం లేనిది కల్పించవద్దు. కల్పించినది ఒకటి బయటపడితే, నిజమైనవి పది కూడా ఎవరూ నమ్మరు. ఇంకొకరి గుడి మీద, ఇంకొకరి పేరు మీద గొడవకు పోవద్దు. మనం అడిగేది మన పేరు చేర్చమని, ఎవరి పేరూ కొట్టెయ్యమని కాదు.

మీరు పంపిన ప్రతి పేరూ వచ్చే ఏడాది ఈ సంచికలో అచ్చవుతుంది. ఈ వేదిక మీద నుంచి పైకి చదువుతాం. ఆ ఏడాది ముఖ్య అతిథుల పేర్ల కంటే ముందు అవే చదువుతాం. దీన్ని ఒక్క ఏడాదితో ఆపవద్దు. ఇందాక చెప్పిన మాటే మళ్ళీ చెబుతున్నాం. పందిరి కప్పు ఏటా మార్చాలి. పేరు కూడా అంతే. ఒక తరం పలకకపోతే కుళ్ళిపోతుంది.

ఐక్యరాజ్య సమితి ఆగస్టు 9ని ఆదివాసుల రోజుగా 1994లో ప్రకటించింది. లోకం మనకు ఒక రోజు ఇచ్చింది, మంచిదే. మిగతా 364 రోజులు మనవే, మనమే వాడుకోవాలి.

సాయంత్రం ఇంటికి వెళ్ళాక మీ నాన్న టీవీ ముందు కూర్చుని "భద్రాచలం దగ్గర ఎంతుందో చూడరా" అంటారు. చూసి చెప్పండి. చెప్పాక, ఆ ఊళ్ళో మొదటి నీడ వేసిన దమ్మక్క కథ కూడా చెప్పండి. చెప్పి ఊరుకోకుండా, "మరి మన ఊళ్ళో ఎవరు వేశారు నాన్నా?" అని అడగండి. ఆయనకు తెలిస్తే వెంటనే రాసుకోండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి మామ్మ దగ్గరికి వెళ్ళండి.

సెలవు. జై ఆదివాసీ.